పెట్టె రాకముందే పడ్డ వార్త

పొద్దుగాల జగిత్యాలల ఏ చాయ్ హోటల్ ముంగట నిలవడ్డా ప్రతి చేతిల ఒకటే పేపరు కనవడేది. కోరుట్ల బస్టాండుల అదే. సిరిసిల్లల బట్ట నేసే సాంచెల మీదికి పోయేటోళ్లు కూడా అదే పేపరు మడిచి చంకల పెట్టుకునేటోళ్లు. ఆ పేపరుకు ఎడిటర్‌ను నేను. లీడర్లు నా గదిలకు చెప్పులు విడిచి వచ్చేటోళ్లు. ఒక పెద్దమనిషయితే నా కుర్చీ ముందు చేతులు కట్టుకొని, "సార్, మా మీటింగు వార్త జర మీదికి వెయ్యుండ్రి" అని బతిమిలాడిండు. నేను తలెత్తి కూడా చూడలేదు.

చెప్పుల ముచ్చట నిజమే. యజమాని ఆఫీసుల తెల్ల టైల్సు వేయించిండు, ఎవరైనా బయటనే విడవాలె, నేను కూడా. ఆ పెద్దమనిషి ఎన్నడో టికెట్టు అడిగి, రాక, ఇంట్ల కూసున్న మనిషి. తలెత్తనిది గర్వంతోని కాదు. నా కండ్లల పొరలు, ఎత్తినా మనిషి మసకనే. ఇక ప్రతి చేతిల పేపరంటరా, ప్రతి చేతిల ఫోను. హోటలాయన మాత్రం తప్పకుండ మా పేపరే తెప్పిచ్చుకునేటోడు. మిర్చీల నూనె మంచిగ పీలుస్తదట.

ఎడిటర్ అన్న మాటొక్కటి అబద్ధం కాదు. ఆఖరి పేజీ అడుగున, చీమలు పాకినట్టున్న అక్షరాలల నా పేరుంటది. యజమానికి కోరుట్లల ఒక ఫంక్షన్ హాలు, దాని చుట్టూ కొన్ని కేసులు ఉన్నయి. ఎడిటర్ అంటే కేసు పడ్డప్పుడు కోర్టు మెట్లెక్కేటోడు అని ఎవరో చెప్పంగనే ఆయన ఆ పదవి కోసం మర్యాదస్తుణ్ణి వెతికిండు. బడిల తెలుగు చెప్పి రిటైరైన నేను దొరికిన. ఊరంత నన్ను సార్ అంటది, ఆయన కూడా సార్ అనే అంటడు. బాంచెను పిలిచినట్టు అంటడు, అది వేరే సంగతి.

పేపరు నడిపింది మాత్రం సిరిసిల్ల పిల్ల. సబ్ ఎడిటర్. సాంచెల ఇంటి బిడ్డ. వాళ్లమ్మ బీడీలు చుట్టి చదివిచ్చింది. మూడు ఊర్ల విలేకర్లు ఫోన్ల పంపే వార్తలన్నీ ఆమె చేతులనుంచే పోవాలె. సాయంత్రం పూట ఆ వార్తలు కండ్లకు దగ్గర పెట్టుకొని పైకి చదివి విలేకర్ల పరువు తీసుడు నా అలవాటు. ఒకడు "మృతి చెంది ఆసుపత్రిలో చికిత్స పొందుతున్నాడు" అని రాసిండు. నేను నాటకంల పద్యం లెక్క రాగం తీసి చదివితే ఆఫీసు అంత పడి పడి నవ్వింది. ఆ రాసినోడు తలుపు కాడనే నిలవడి ఉన్నడు. ఆ పిల్ల నవ్వలేదు. కాయితం నా చేతిలకెళ్లి గుంజుకొని, నాలుగు మాటలు మార్చి, ఆ విలేకరికే చూపిచ్చింది. "గిట్ల రాస్తే సరిపాయె అన్నా" అన్నది. వాడు నాకు మొక్కలేదు, ఆమెకు మొక్కిండు. నాకు ఒళ్లు మండింది.

ఆమెకు నా కుర్చీ కావాలె. దాచుకోలేదు కూడా. "సార్, మీరు దిగినంక ఆ పేరు జాగల నా పేరు ఉండాలె" అని నా ముఖం మీదనే అన్నది.

"చీమలంత ఉంటది బిడ్డా, భూతద్దం కావాలె" అన్న.

"మా అమ్మకు చదువు రాదు సార్. ఎంత చిన్నగున్నా ఆమెకు ఒక్కటే. వేలు పెట్టి చూపిస్త."

దసరాకు నేను దిగుడు, ఆమె ఎక్కుడు ఖాయమైంది. "లేడీ ఎడిటర్ అంటే మనకు గూడ ఇజ్జత్" అని యజమాని ఒప్పుకున్నడు. ఆమె సిరిసిల్లల అందరికీ చెప్పుకున్నది.

ఇక మా దిక్కు ఒక పద్ధతి చెప్పాలె. కోరుట్ల, మేడిపల్లి దిక్కు ఏ ఊరు చూసినా మొగోళ్లు దుబాయిల, మస్కట్ల. అక్కడ ఎవడన్న చస్తే శవం ఎంబడే రాదు. కాయితాలు కావాలె, సంతకాలు కావాలె. వారాలు పడ్తది. శవాన్ని మేము శవం అనం. పెట్టె అంటం. పెట్టె వచ్చేదాక పెండ్లానికి చెప్పరు. ఊరంత ఎరుకే, ఆమెకొక్కదానికి తప్ప. "ఒంట్ల బాగలేదట, దవాఖానల ఉన్నడట" అని నడిపిస్తరు. విమానం దిగి, అంబులెన్సు ఊరి పొలిమేరకు వచ్చినంకనే ఏడుపు మొదలైతది. అందుకే కోరుట్ల విలేకరి గల్ఫు చావు వార్తను ముందుగాలనే ఫొటోతోని పంపుతడు. మేము దాన్ని పండవెడ్తం. పెట్టె దిగిన తెల్లారే లేపి అచ్చేస్తం. ఈ పద్ధతి ఎవరూ ఎక్కడా రాయలేదు. మా దిక్కు పుట్టినోళ్లకు చెప్పే పని లేదు.

సిరిసిల్ల లెక్క దీనికి తల్కిందులు. అక్కడ సాంచెల కాడ ఎవడన్న ఉరేసుకుంటే ముందు విలేకరికి ఫోను, తర్వాత చుట్టాలకు. తెల్లారి పేపర్ల ఫొటో పడాలె. పడితేనే ఆఫీసరు పరిహారం రాయను ఇంటికొస్తడు, లేకుంటే ఆ చావు గాలికి పోయినట్టే. ఆ పిల్ల తండ్రి గూడ సాంచెల కార్మికుడే. ఆయన పోయిన తెల్లారి ఏ పేపర్లా ఒక్క ముక్క రాలేదు. "వార్త లేదు కాబట్టి ఆఫీసర్లు మా నాయిన తాగి చచ్చిండని రాసుకున్నరు సార్. తాగుడు అలవాటే లేదు మా నాయినకు" అని ఆమె నాతోని ఒకపారి అన్నది. ఆమె పేపర్లకు వచ్చిందే అందుకు. ఎవని చావూ ఒక్క దినం ఆలస్యం కావద్దు.

మేడిపల్లి దిక్కు ఒకాయన దుబాయిల కట్టడం మీదికెళ్లి పడి చచ్చిండని వార్త వచ్చిన దినం నేను ఆఫీసుల లేను. కొండగట్టు అంజన్న మొక్కు తీర్చుకోను పోయిన, మెట్లన్నీ కాలినడకనే ఎక్కిన. కాదు. కొండ దిక్కు మొఖం కూడా పెట్టలేదు, కొడిమ్యాలల మా సడ్డకుని, అంటే తోడల్లుని, ఇంట్ల దావత్ ఉంటే తిని పండుకున్న. గల్ఫు చావులు ఎప్పుడూ నేనే పండవెట్టేటోణ్ణి, ఆ దినం ఆ పిల్ల చూసింది. పండవెట్టే ముచ్చట ఆమెకు ఎరుక లేదు. చచ్చినాయన పేరు, ఊరు, ఫొటో, అన్నీ సరిగ్గ చూసుకొని, మొదటి పేజీల వేసింది. ఆ కుటుంబానికి ఉపకారం చేసిన అనుకున్నది.

తెల్లారి నేను ఆఫీసు మెట్లెక్కుతుంటేనే కోరుట్ల విలేకరి ఫోను. "సార్, కొంప ముంచిండ్రు. ఆయన పెండ్లాం సూసింది."

ఆ పిల్లను పిలిచి చెప్పిన. ఆమెకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. "మొగడు చచ్చిండని పెండ్లానికి చెప్పద్దా సార్? ఏం పద్ధతి సార్ ఇది?" అన్నది.

"మా పద్ధతి" అన్న. ఇంతకంటె పనికిరాని జవాబు నేను బతుకుల ఇయ్యలేదు.

మరునాడు పగటి పూట ఆ చచ్చినాయన భార్యనే వచ్చింది. ఒక్కతే. మెట్ల కాడ చెప్పులు విడిచి, తెల్ల టైల్సు మీద నిలవడి, "ఇక్కడ ఎడిటర్ ఎవలు?" అన్నది. ఆడమనిషి గొంతు, నెమ్మదిగనే ఉన్నది. నేను ఛాతీ విరిచి, "నేనేనమ్మా" అన్న.

"నా మొగని సావు రాసింది నువ్వేనా?"

"నేను కాదమ్మా. నేను కొడిమ్యాలల ఉంటిని."

ఎడిటర్ పదవి ఇంత తొందరగ దిగినోడు ఏ దేశంలా ఉండడు.

ఆ పిల్ల లేచి నిలవడ్డది. "నేనే రాసినక్కా."

కొడ్తదనుకున్న. తిడ్తదనుకున్న. ఆమె కుర్చీ గుంజుకొని కూసున్నది. చేతుల నిండ మట్టి గాజులు, నుదుట బొట్టు, మెడల పుస్తె. "ఫొటో వచ్చింది ఫోన్ల" అన్నది. "ఆయన ఫొటో పేపర్ల పడ్డదంటే మంచి పని చేసిండేమో అని సంబురంగ ఒత్తిన."

ఆ పిల్ల తల వంచుకున్నది.

"నువ్వు ఏడువకు చెల్లె. ఆ సంబురం ఊరికి సూపిచ్చిన సంబురం. నాకు ముందుగాలనే తెల్సు."

మేమిద్దరం ఆమె దిక్కు చూసినం.

"ఆయనకు కాలు విరిగిందని చెప్పిండ్రు. చెప్పిన దినం సంది ఇంటికొకరు కూర తెస్తుండ్రు. నాతోని ఏండ్ల సంది మాట్లాడని ఆడిబిడ్డ సుత గిన్నె వట్టుకొని వచ్చింది. కాలు విరిగినోని పెండ్లానికి ఆడిబిడ్డ కూర తెస్తదా? అప్పుడే తెల్సింది. తెల్సి గూడ తిన్న. కాలు ఎప్పుడు అతుకుతదట అని అడుగుకుంట తిన్న."

"తెల్సినట్టు ఎందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే ఏమైతదో నీకు తెల్వదు. నీది ఏ ఊరు?"

"సిరిసిల్ల."

"అందుకే" అన్నది ఆమె. తిట్టినట్టే ఉన్నది ఆ ఒక్క మాట.

తర్వాత విడమరిచి చెప్పింది. పెట్టె వచ్చేదాక ఆమెకు తెల్వదని ఊరు అనుకోవాలె. ఊరికి తెల్వదని ఆమె అనుకున్నట్టు ఉండాలె. ఆ నాటకం నడిచినన్ని దినాలు గాజులు ఉంటయి. పేపరు పడ్డంక నాటకం ఒడిసింది. ఆడిబిడ్డ నిన్న వాకిట్లకు వచ్చి, "పేపర్లనే పడ్డది, ఇగ ఎవలికి దాసుడు? ముండమోపి బొట్టు పెట్టుకొని తిరిగితే ఊరికి అరిష్టం" అన్నదట. రేపు పొద్దుగాల బాయి కాడికి తీస్కపోయి గాజులు పలగ్గొడ్తరట.

"ఆయన మొకం సూడకముందే ముండమోపిని అయితనా? పెట్టె మూత తీసినప్పుడు గాజులతోని ఉండాలె నేను. తర్వాత వాళ్లిష్టం, గొంతు పిసికినా అడుగ. రేపటి పేపర్ల రాయి చెల్లె. తప్పు పడ్డది, ఆయన బతికే ఉన్నడు అని."

"చచ్చిపోయిన మనిషిని బతికున్నడని ఎట్ల రాయాలె అక్కా? ఊరికి తెల్సు గదా?"

"తెల్సినా మంచిదే. పేపరే సావలేదన్నంక నా గాజుల మీద చెయ్యి వేసే ధైర్యం ఎవ్వలికి ఉండది. నిన్న పేపరును సూసే గదా ఎగవడ్డరు. రేపు అదే పేపరు నోరు మూపిస్తది."

ఎడిటర్‌గిరి గురించి ఇంత సక్కగ చెప్పినోళ్లను నేను చూడలేదు.

నేను యజమానికి ఫోను కలిపిన. ఆడిబిడ్డ మొగడు ఆయన పార్టీ మనిషే, పెట్టె రాకముందు ఎట్ల వేసిండ్రని యజమానిని అప్పటికే నాలుగు తిట్లు తిట్టి ఉన్నడు. స్పీకర్ల ఆయన గొంతు టైల్సు మీద మోగింది. "వెయ్యుండ్రి సార్, వెయ్యుండ్రి. బతికున్నడని వేస్తే మన సొమ్మేం పోయింది? కని, పేపరుది తప్పని రాయద్దు. ఆ పిల్లది తప్పని రాయుండ్రి. పేరు పెట్టుండ్రి కింద. పెద్ద అక్షరాలల."

అప్పుడు నేను అన్న: "ఆమె పేరు వద్దు, ఎడిటర్‌ను నేను, నా పేరు పెట్టుండ్రి." గది అంత నిశ్శబ్దం అయింది.

గది నిశ్శబ్దంగ ఉన్న మాట నిజం, నేను నోరు తెరవలేదు కాబట్టి.

ఆ పిల్ల కంప్యూటర్ ముందు కూసున్నది. మొదట "నిర్ధారణ కాకముందే ప్రచురించినందుకు చింతిస్తున్నాం" అని రాసింది. ఆమె అబద్ధం రాయకుండ దాటిపోవాల్నని చూస్తున్నదని నాకు అర్థమైంది. భార్య చదివిచ్చుకొని విన్నది.

"గిది ఏంది? బతికున్నడో లేదో చెప్తలేవు. నా ఆడిబిడ్డ గింత తెలివి లేనిదా? బతికున్నడని రాయి."

"అక్కా, నేను అబద్ధం రాయ."

"నిజం రాసినవు గదా మొన్న. ఏం చేసినవో సూడు."

ఆ పిల్ల ముందు రాసింది చెరిపేసింది. తర్వాత రాసింది. ఆయన క్షేమంగా ఉన్నారని, ఆసుపత్రిలో కోలుకుంటున్నారని, వార్త సబ్ ఎడిటర్ పొరపాటని. కింద తన పేరు తనే కొట్టింది. ఆ పిల్ల పేరు పేపర్ల అచ్చువడుడు అదే మొదలు.

భార్య లేచింది. పోయేటప్పుడు ఆ పిల్ల తల మీద చెయ్యి పెట్టలేదు, మంచి మాట అనలేదు. "బస్సు ఎన్నిటికి ఉన్నది?" అని అడిగి దిగి పోయింది.

తెల్లారి గాజులు పలగ్గొట్టుడు ఆగింది. ఆడిబిడ్డ మళ్ల కూర తెచ్చిందని కోరుట్ల విలేకరి చెప్పిండు. నాటకం మొదటికెల్లి మొదలైంది.

యజమాని కూడా మెత్తవడ్డడు. "జనాలు మర్చిపోతరు. దసరాకు చూద్దాం" అన్నడు. ఆ పిల్ల ఆ మాట పట్టుకొని బతికింది. ఎన్నడూ లేనంత పని చేసింది. నేను వార్తలు చదివి ఎక్కిరిస్తుంటే ఒకటి రెండు సార్లు నవ్వింది కూడా, నన్ను మంచి చేసుకోవాల్నని. ఆ నవ్వు చూడబుద్ధి కాలేదు నాకు. అయినా రోజూ ఎక్కిరిచ్చిన.

దసరాకు ముందే పెట్టె వచ్చింది. ఆ పిల్ల ఆ ఊరికి పోతానన్నది. "వద్దు బిడ్డా" అన్న. వినలేదు. "నేను రాసిన మనిషి సార్, ఒక్కపారన్న చూడాలె." నేను కూడా బస్సెక్కిన.

అంబులెన్సు దిగేసరికి వాకిలి నిండ జనం. మూత తీసిండ్రు. భార్య గాజుల చేతులతోని పెట్టె మీద పడ్డది. ఎవరో ఆమె చెవుల పడేటట్టు, "బతికున్నడని పేపర్ల వేసిండ్రు గదనే, ఎట్లనే" అన్నరు. ఆడిబిడ్డ మా దిక్కు వేలు చూపించింది. "ఇగో, రాసినోళ్లు వీళ్లే. దొంగ ముండలు."

భార్య తలెత్తింది. ఆ పిల్లను చూసింది. ఒక్క ఘడియ ఆమె ఆగినట్టు నాకు అనిపించింది. ఆడిబిడ్డ ఆమె మొకం దిక్కే కన్నార్పకుండ చూస్తున్నది, ఈమెకు ముందే తెల్సా లేదా అని. భార్య లేచి వచ్చింది. వంగి, దోసిట్ల మన్ను తీసుకొని ఆ పిల్ల మొకం మీద కొట్టింది.

"మంచిగున్నడని రాసినవు గదనే! నేను నమ్మితి గదనే! నాకు ఆశ వెట్టి సంపినవు గదనే! నీ చేతులు పడిపోను!"

ఎంత బాగ ఏడ్చిందో. ఏ అనుమానమూ మిగలలేదు ఎవరికీ. తర్వాత ఆడోళ్లు ఆమెను లోపటికి తీస్కపోయిండ్రు. గాజులు పలిగిన చప్పుడు బయటికి ఇనవడ్డది. జనం ఫోన్లు పట్టుకొని తీస్తనే ఉన్నరు. ఆ పిల్ల మన్ను తుడుచుకోకుండ నిలవడ్డది. ఒక్క మాట చెప్తే బయటపడేది, మీరే రాయమన్నరు అని. చెప్పలేదు.

నేను అడ్డం పోయి, జనాన్ని గదమాయించి, ఆమెను చెయ్యి పట్టి బయటికి తెచ్చిన. అది ఒట్టి మాట. నేను అప్పటికే గోడ వెనుక ఉన్న. ఆమెనే వచ్చి, "పోదాం పాండ్రి సార్" అని నన్ను తీస్కపోయింది.

బస్సు సగం తొవ్వ దాటకముందే వీడియో మూడు ఊర్ల గ్రూపులల తిరిగింది. యజమాని ఆమెకు చెయ్యలేదు, నాకు ఫోను చేసిండు. పక్కన కూసున్న ఆమెకు ఇనవడేటట్టే అరిచిండు. "ఒకపారి చచ్చిండని రాస్తది, ఒకపారి బతికిండని రాస్తది. దాన్ని రేపటికెల్లి రావద్దని చెప్పుండ్రి. మీరే ఉండుండ్రి సార్ ఇంకో ఏడు. కండ్లు కనవడకుంటే ఏమాయె, పేరే గదా."

"సరే" అన్న నేను.

ఆమె ఫోను తీసి ఏందో కొట్టుకుంట కూసున్నది, జగిత్యాల బస్టాండు వచ్చేదాక. దిగి, సిరిసిల్ల బస్సు దిక్కు పోయింది. తల వెంట్రుకలల మన్ను అట్లనే ఉన్నది.

ఆఫీసుకు వచ్చి చూస్తే ఆమె పంపిన వార్త ఉన్నది నా ఫోన్ల. పెట్టె వచ్చిన వార్త. బస్సుల కూసొని రాసింది. ఎవరు, ఎక్కడ, ఎట్ల పడ్డడు, పెట్టె ఏ తొవ్వన వచ్చింది, ఊరు ఎట్ల ఉన్నది. భార్యకు ఈ దినమే తెలిసిందని, ఆమె దుఃఖం ఎవరూ ఆపలేకపోయారని రాసింది. తన మీద మన్ను పడ్డ ముచ్చట లేదు. నేను దాన్ని కండ్లకు దగ్గర పెట్టుకొని పైకి చదివిన, ఎక్కిరిద్దామని. రాగం తీయడానికి ఒక్క మాట దొరకలేదు.

"ఆ చావు మనం వెయ్యద్దు సార్, మన పేపర్ల ఆయన మంచిగున్నడు" అని యజమాని ముందే చెప్పి ఉన్నడు. వార్త తీసి పక్కన వెట్టిన. ఆ జాగల యజమాని ఫంక్షన్ హాలు ప్రకటన వేసిన.